పరమాణువుకూ పొరుగు ఉంటుంది

గుంటూరు, ప్రకాశం మైదానాల పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తుకు వచ్చేవి పత్తి చేలు, మిరప కల్లాలు. ఇక్కడి కుటుంబాల పెళ్లిళ్లు, చదువులు, అప్పులు అన్నీ ఆ రెండు పంటల చుట్టూనే తిరుగుతుంటాయి. ఈ నేల కడుపులో మూడు లోహాలు కూడా ఉన్నాయన్న సంగతి మాత్రం మనలో చాలామందికి అంతగా తెలియదు. పూర్వపు గుంటూరు జిల్లాలో, నేటి పల్నాడు జిల్లాలో, వినుకొండ ప్రాంతాన అగ్నిగుండాల అనే చోటు ఉంది. ఆ పరిసరాలలోని బండ్లమోటు వద్ద సీసం ఖనిజం, నల్లకొండ వద్ద రాగి ఖనిజం లభించాయి. బండ్లమోటులో హిందుస్థాన్ జింక్ సంస్థ కొంతకాలం సీసం గనిని నడిపింది. తూర్పుకు వచ్చి ఒంగోలు సమీపాన కొణిజేడు, మర్లపాడు కొండలను చూస్తే అక్కడ మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం కనిపిస్తుంది. మన పెద్దలు సూదంటురాయి అని పిలిచినది ఈ జాతి రాయినే.

సీసం, రాగి, ఇనుము. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, గత నూరేళ్లకు పైగా భౌతిక శాస్త్రవేత్తలను వేధిస్తున్న ఒక పెద్ద ప్రశ్న మన ముందు నిలుస్తుంది. సీసాన్ని విపరీతంగా చల్లబరిస్తే అందులో విద్యుత్తు ఏ మాత్రం నిరోధం లేకుండా ప్రవహిస్తుంది. ఈ గుణాన్నే అతివాహకత అంటారు. రాగి మామూలు వేళల్లో సీసం కంటే ఎంతో మంచి విద్యుద్వాహకం. అయినా దానిని ఎంత చల్లబరిచినా ఈ గుణం రాదు. ఇనుము సంగతి మరీ విడ్డూరం. అది తనంతట తాను అతివాహకం కాకపోవడమే గాక, ఇతర అతివాహకాలలో కొద్దిగా కలిసినా వాటి గుణాన్ని చెడగొడుతుంది. ఇదే రాగి ఆక్సిజన్‌తో ఒక పద్ధతిలో జతకడితే సీసాన్ని మించిన అతివాహకం అవుతుంది. ఇదే ఇనుము ఆర్సెనిక్ పక్కన చేరితే తన వైరాన్ని మరచిపోతుంది. లోహం అదే, పరమాణువు అదే. మారినది దాని పొరుగు, అది కూర్చున్న చోటు. ఈ మాసం ఆ విషయాన్నే కొంత వివరంగా చూద్దాం.

ముందుగా అయస్కాంతత్వం ఎక్కడి నుండి వస్తుందో తెలుసుకోవాలి. ప్రతి ఎలక్ట్రానూ ఒక అతి చిన్న అయస్కాంతం. పరమాణువులో ఎలక్ట్రాన్లు గదుల వంటి స్థానాలలో ఉంటాయి. ఒక్కో గదిలో ఇద్దరికే చోటు. ఆ ఇద్దరూ ఒకరికొకరు వ్యతిరేక దిశలో ఉండాలన్నది ప్రకృతి నియమం. గదిలో ఇద్దరూ ఉన్నప్పుడు ఒకరి అయస్కాంత గుణాన్ని మరొకరు రద్దు చేస్తారు. ఒంటరిగా ఉన్న ఎలక్ట్రాన్ గుణం మాత్రం బయటకు తెలుస్తుంది. ఇనుప పరమాణువులో 26 ఎలక్ట్రాన్లు ఉంటాయి. అందులో ఒక అంతస్తులోని ఐదు గదులలో ఆరుగురు సర్దుకోవలసి వస్తుంది. ఒక గదిలో జంట, మిగిలిన నాలుగింటిలో ఒంటరివారు. రాగికి 29 ఎలక్ట్రాన్లు. అదే అంతస్తులోని ఐదు గదులూ పదిమందితో నిండిపోతాయి. పై అంతస్తులో మిగిలిన ఒక్కటీ లోహమంతటా తిరుగుతూ విద్యుత్తును మోస్తుంది. రాగి బిందెను అయస్కాంతం లాగకపోవడానికి కారణం ఇదే.

అయితే ఒంటరి ఎలక్ట్రాన్లు ఉన్నంత మాత్రాన పదార్థం అయస్కాంతం కాదు. పొరుగు పరమాణువులన్నీ ఒకే దిక్కుకు తిరగాలి. అవి ఒకదానికొకటి ఎదురు తిరిగితే మొత్తం మీద ఫలితం సున్నా. మాగ్నటైట్‌లో మూడు ఇనుప పరమాణువులకు నాలుగు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. ఆ మూడింటిలో ఒకటి నాలుగు ఆక్సిజన్ల నడుమ, మిగతా రెండు ఆరేసి ఆక్సిజన్ల నడుమ కూర్చుంటాయి. ఈ రెండు రకాల స్థానాలలోని ఇనుము పరస్పరం వ్యతిరేక దిశలలో తిరిగి ఉంటుంది. ఒక వైపు ఒకటి, మరో వైపు రెండు కనుక రద్దు కాగా కొంత శేషిస్తుంది. సూదంటురాయి బలమంతా ఆ శేషమే. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ నీల్ ఈ లెక్కను 1948లో వివరించారు. 1970లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఇక హెమటైట్ అనే మరో ఖనిజంలోనూ ఇనుము, ఆక్సిజన్‌లే ఉన్నాయి. కానీ అందులో రెండు వర్గాలూ దాదాపు సరిసమానం. అందువల్ల దాని ఆకర్షణ నామమాత్రం.

ఈ తేడాకు మన వంటింటిలోనే ఉదాహరణ దొరుకుతుంది. మిరప మిల్లులలో కారం ఆడేటప్పుడు యంత్రపు పళ్ల నుండి రాలే ఇనుప రజనును పట్టడానికి అయస్కాంతాలు అమరుస్తారు. రజను ఆ అయస్కాంతానికి అంటుకొని ఆగుతుంది. కానీ కారంలో ఇటుక పొడి కలిపిన మోసగాడిని ఆ అయస్కాంతం పట్టివ్వలేదు. ఇటుకకు ఎరుపు నిచ్చేది ఇనుమే అయినా, అది ఎక్కువగా హెమటైట్ రూపంలో ఉంటుంది కనుక అయస్కాంతానికి చెప్పుకోదగినంతగా లొంగదు. దానికి గ్లాసు నీళ్ల పరీక్షే మేలు. నీటిలో కారం వేసి కదపకుండా ఉంచితే ఇటుక పొడి అడుగున పేరుకుంటుంది.

స్టీలు గిన్నెల దుకాణంలో అయస్కాంతం పెట్టి చూసే అలవాటు మన సోదరీమణులలో చాలామందికి ఉంది. అంటుకోకపోతే అసలు స్టీలు, అంటుకుంటే నకిలీ అని నమ్మకం. ఇందులో సగమే నిజం. ఇనుములో నూటికి 18 పాళ్ల క్రోమియం, 8 పాళ్ల నికెల్ కలిపితే పరమాణువుల అమరిక మారి, మామూలు ఇనుములో ఉండే అయస్కాంత వరుస ఏర్పడదు. 304 రకం స్టీలు అలాంటిది. అయితే నికెల్ ఖరీదు తగ్గించుకోవడానికి దాని బదులు మాంగనీసు ఎక్కువగా కలిపిన 200 శ్రేణి స్టీలునూ అయస్కాంతం లాగదు. తుప్పును తట్టుకోవడంలో మాత్రం అది వెనుకబడుతుంది. మరో వంక, మంచి 304 గిన్నె కూడా లోతుగా వంచిన అంచుల దగ్గర కొద్దిగా లాగవచ్చు. సాగదీసినప్పుడు అక్కడి పరమాణువుల అమరిక పాక్షికంగా పాత రూపానికి మళ్లుతుంది. కాబట్టి అయస్కాంతం ఒక్కటే సాక్ష్యంగా దుకాణదారుని మీద తీర్పు చెప్పడం సరి కాదని మా అభిప్రాయం.

ఖిబ్లా దిశ కోసం దిక్సూచి వాడే మనకు ఈ విషయంలో మరో సంబంధం ఉంది. ముస్లిం లోకంలో దిక్సూచి గురించిన తొలి ప్రస్తావనలు 13వ శతాబ్దం నాటివి. 1242లో ట్రిపోలీ నుండి అలెగ్జాండ్రియాకు సాగిన ఓడలో, నావికులు నీటి పాత్రలో తేలే సూదితో దిక్కు తెలుసుకోవడం తాను చూశానని బైలక్ అల్-ఖిబ్జాఖీ రాశారు. అదే శతాబ్దం చివర యెమెన్ పాలకుడు అల్-అష్రఫ్ ఉమర్, అయస్కాంత సూదితో ఖిబ్లా తెలుసుకునే విధానాన్ని తన గ్రంథంలో వర్ణించారు. గుంటూరు నుండి ఖిబ్లా పడమరకు సుమారు 14 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. నేడు చేతిఫోనులోనే దిక్సూచి ఉన్నా, ఇనుప చువ్వలున్న కాంక్రీటు స్తంభం పక్కన, ఇనుప బీరువా దగ్గర అది తప్పు చూపగలదు. గది మధ్యకు వచ్చి రెండుసార్లు చూసుకోవడం మంచిది.

ఇక అతివాహకత సంగతికి వద్దాం. 1911 ఏప్రిల్‌లో హాలెండులోని లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓన్నెస్ అనే శాస్త్రవేత్త పాదరసాన్ని ద్రవ హీలియంతో చల్లబరుస్తుండగా, సుమారు 4.2 కెల్విన్ వద్ద దాని విద్యున్నిరోధం ఉన్నట్టుండి మాయమైంది. కెల్విన్ కొలమానంలో సున్నా అంటే మైనస్ 273 డిగ్రీల సెల్సియస్. అంతకు మించిన చలి సృష్టిలో లేదు. గుంటూరు శీతల గిడ్డంగులలో మిరప బస్తాలు నిలవ ఉండేది సున్నా సెల్సియస్‌కు కొద్ది డిగ్రీల పైన. ఓన్నెస్ పాదరసం దానికి 270 డిగ్రీలకు పైగా దిగువన ఉందన్నమాట. ఆ వెంటనే ఆయన తగరం, సీసం కూడా అతివాహకాలేనని కనుగొన్నారు. తగరానికి ఆ హద్దు 3.7 కెల్విన్, సీసానికి 7.2.

ఇక్కడ మన ఇళ్లలోని పాత రాగి డేగిసాను ఒకసారి తలచుకోవాలి. దావతులకు బిర్యానీ వండే ఆ పాత్రకు లోపల కళాయి పూస్తారు. ఊరూరా తిరిగి ఆ పని చేసిన కళాయి సాయిబులను పెద్దవారు ఇంకా మరచిపోలేదు. కళాయి అంటే తగరమే. ద్రవ హీలియంలో ముంచితే ఆ డేగిసా లోపలి పూత అతివాహకం అవుతుంది, బయటి రాగి కాదు. (తగరంలో సీసం కలిపి పూసే అక్రమం కొన్ని చోట్ల ఉంది. ఆ సీసం అన్నంలో చేరితే ముఖ్యంగా పిల్లల మెదడుకు హాని. పూయించేవారు ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉండాలి.)

మంచి వాహకమైన రాగికి లేని గుణం సీసానికి, తగరానికి ఎందుకు ఉంది? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి 46 ఏళ్లు పట్టింది. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలు దానిని చెప్పారు. మన దూదేకుల సోదరులు ఏకిన దూదితో కుట్టిన మెత్తని పరుపును ఊహించుకోండి. ఒకరు పడుకున్న చోట గుంట పడుతుంది. పక్కన పడుకున్న రెండవవారు తమకు తెలియకుండానే ఆ గుంట వైపు జరుగుతారు. లోహంలో ఎలక్ట్రాన్ కదిలినప్పుడు చుట్టూ ఉన్న పరమాణువులు దాని వైపు కొద్దిగా ఒరుగుతాయి. ఆ ఒరుగుదల మరో ఎలక్ట్రాన్‌ను ఆకర్షిస్తుంది. సహజంగా ఒకదానినొకటి తరిమే రెండు ఎలక్ట్రాన్లు ఇలా జంట కడతాయి. జంట కట్టినవన్నీ ఒకే అడుగున నడుస్తాయి కనుక వాటికి అడ్డు తగిలేది ఉండదు. రాగిలో ఎలక్ట్రాన్లకూ పరమాణువులకూ మధ్య ఈ ముడి చాలా బలహీనం. మామూలు వేళ అది మంచి వాహకం కావడానికి ఏది కారణమో, అతివాహకం కాలేకపోవడానికీ అదే కారణం. గట్టి బల్ల మీద గుంట పడదు కదా.

ఈ జంటకు ఒక షరతు ఉంది. అందులోని రెండు ఎలక్ట్రాన్ల అయస్కాంత దిశలు పరస్పరం వ్యతిరేకంగా ఉండాలి. అయస్కాంత పరమాణువు తన దగ్గరకు వచ్చిన ఎలక్ట్రాన్లను రెండింటినీ ఒకే దిక్కుకు తిప్పాలని చూస్తుంది. దాంతో జంట విడిపోతుంది. అతివాహకాలకు, అయస్కాంతాలకు ఉన్న శత్రుత్వపు మూలం ఇదే. ఆ శత్రుత్వం రెండు వైపులా ఉంటుంది. సీసం, తగరం వంటివి అతివాహక స్థితిలోకి వెళ్లగానే తమ లోపలి అయస్కాంత క్షేత్రాన్ని బయటకు నెట్టివేస్తాయని 1933లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ కనుగొన్నారు. అతివాహకం పైన అయస్కాంతం గాలిలో తేలుతున్న చిత్రాలు చాలామంది చూసే ఉంటారు. దాని వెనుక ఉన్నది ఈ నెట్టివేతే. 1950ల చివర బెర్న్డ్ మథియాస్ అనే శాస్త్రవేత్త లాంథనమ్ అనే అతివాహక లోహంలో నూటికి ఒక పాలు గాడోలినియం కలపగా దాని అతివాహకత దాదాపు పూర్తిగా నశించింది. గాడోలినియం పరమాణువులో ఏడు ఒంటరి ఎలక్ట్రాన్లు ఉంటాయి. అప్పటి నుండి అయస్కాంత పరమాణువుల జోలికి పోరాదు, ఆక్సిజన్ జోలికీ పోరాదు అన్నది ఈ రంగంలో వాడుక సూత్రం అయిపోయింది.

ఆ సూత్రంలోని రెండు భాగాలూ తరువాతి కాలంలో కూలిపోయాయి. 1986లో జ్యూరిక్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో బెడ్నార్జ్, ముల్లర్ అనేవారు లాంథనమ్, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన ఒక పింగాణీ వంటి పదార్థంలో 30 కెల్విన్ దాటిన అతివాహకతను గుర్తించారు. మరుసటి ఏడు ఆరంభంలో అమెరికాలో మావ్-కుయెన్ వు, పాల్ చూ బృందాలు లాంథనమ్ బదులు ఇట్రియం వాడి 93 కెల్విన్‌కు చేరాయి. ఈ అంకె ఎందుకు ముఖ్యమంటే, ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్ వద్ద మరుగుతుంది. ద్రవ హీలియం అరుదైనది, ఖరీదైనది. ద్రవ నైట్రోజన్ అలా కాదు. మన ఊళ్లలోని పశువైద్య కేంద్రాలకు, మేలుజాతి గిత్తల వీర్యాన్ని నిలవ ఉంచే పాత్రలలో పొగలు కక్కుతూ వచ్చేది అదే. ఒంగోలు జాతిని కాపాడడానికి వాడే చలి, ఈ పదార్థాన్ని అతివాహకం చేయడానికీ సరిపోతుంది.

రాగి ఇక్కడ ఏం చేసింది? ఆక్సిజన్‌తో కలిసినప్పుడు రాగి రెండు ఎలక్ట్రాన్లను వదులుకుంటుంది. నిండి ఉన్న ఐదు గదులలో ఒక చోటు ఖాళీ అయి, ఒక ఎలక్ట్రాన్ ఒంటరి అవుతుంది. అంటే అయస్కాంతం కాని రాగి ఇప్పుడు అయస్కాంత పరమాణువు. రాగి, ఆక్సిజన్ చదరంగపు బల్లలా పరచుకున్న పొరలలో ప్రతి రాగి పరమాణువూ తన పొరుగుకు ఎదురు దిశలో తిరిగి ఉంటుంది. ఇట్రియం పదార్థంలో రెండు బేరియం, మూడు రాగి పరమాణువులకు ఆరు ఆక్సిజన్‌లే ఉంటే అది విద్యుత్తును ప్రవహించనివ్వని అయస్కాంత వ్యవస్థ. ఆక్సిజన్ ఏడుకు దగ్గరపడే కొద్దీ, ఆ కొత్త ఆక్సిజన్ పొరల నుండి కొన్ని ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. అయస్కాంత వరుస చెదిరిపోతుంది, అతివాహకత పుడుతుంది. కొలిమిలో ఆక్సిజన్ గాలి కింద ఎంతసేపు ఉంచారన్న దానిని బట్టి ఒకే ముద్ద రెండు విధాల పదార్థం అవుతోంది.

మాకు ఈ కథలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించినది మరొకటి. ఈ పదార్థంలో ఇట్రియం తీసివేసి, దాని స్థానంలో గాడోలినియం నింపవచ్చు. లాంథనమ్‌లో నూటికి ఒక పాలుతోనే విధ్వంసం చేసిన అదే గాడోలినియం ఇక్కడ నూటికి నూరు పాళ్లు ఉన్నా అతివాహకత చెక్కుచెదరదు. హద్దు 90 కెల్విన్ పైనే నిలుస్తుంది. ఎందుకంటే అది కూర్చున్న గది, జంటలు నడిచే రాగి పొరలతో సంబంధం లేనిది. గోడకు ఆవల ఉన్న కలహప్రియుడి వల్ల ఈవల ఇంటికి నష్టం లేదు. దీనికి విరుద్ధంగా, ఏ అయస్కాంత గుణమూ లేని సాధు జింకును కొద్ది పాళ్లు రాగి స్థానంలో పెట్టి చూడండి. హద్దు వేగంగా పడిపోతుంది. పొరలోని రాగి పరమాణువులు ఒకదానితో ఒకటి జరుపుకునే సంప్రదింపులో అది రంధ్రం పెడుతుంది. పరమాణువు ఎవరు అన్నదానికంటే ఎక్కడ ఉంది అన్నదే ఇక్కడ నిర్ణాయకం. ఈ పొరలలో జంటలను కలిపే శక్తి ఏమిటన్న విషయంలో శాస్త్రవేత్తలకు నేటికీ ఏకాభిప్రాయం లేదు. పరుపులోని గుంట చాలదని మాత్రం చాలామంది అంగీకరిస్తారు. పొరుగు రాగి పరమాణువుల అయస్కాంత కదలికలే జంటను కలుపుతాయన్న వాదం బలంగా ఉంది. శత్రువనుకున్నదే పెళ్లి పెద్ద అయిందన్నమాట.

మన దేశపు కృషి ఈ రంగంలో చెప్పుకోదగినదే. ముంబైలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో ఆర్. నాగరాజన్, ఎల్.సి. గుప్తా ప్రభృతులు ఇట్రియం, నికెల్, బోరాన్, కార్బన్ కలిసిన పదార్థంలో 12 కెల్విన్ వద్ద అతివాహకతను కనుగొన్నట్లు 1994లో ప్రకటించారు. నికెల్ కూడా ఇనుములా అయస్కాంత లోహమే. బోరాన్ సరసన అది తన అయస్కాంతత్వాన్ని కోల్పోయింది. తరువాత ఇట్రియం స్థానంలో రకరకాల అరుదైన లోహాలను పెట్టి చూడగా ఒక్కొక్కటి ఒక్కో విధంగా ప్రవర్తించింది. హోల్మియం పెడితే 8 కెల్విన్ దగ్గర అతివాహకత వస్తుంది. 5 దగ్గర హోల్మియం అయస్కాంతాలు వరుస తీరేసరికి అది తడబడి, మరికొంత చల్లబరిస్తే మళ్లీ నిలదొక్కుకుంటుంది. ఎర్బియం పెడితే రెండు గుణాలూ ఒకే ఇంట సర్దుకుని ఉంటాయి. కొన్ని అయస్కాంతాలు మరికొన్నింటికి ఎదురు తిరిగి ఉండడం వల్ల, ఎన్నో పరమాణువుల మీదుగా విస్తరించిన ఎలక్ట్రాన్ జంటకు మొత్తం మీద ఏ ఒత్తిడీ తగలదు.

మూడవ లోహమైన ఇనుము వంతు 2008లో వచ్చింది. జపానులో హిదియో హోసోనో బృందం లాంథనమ్, ఇనుము, ఆర్సెనిక్, ఆక్సిజన్ ఉన్న పదార్థంలో ఆక్సిజన్ కొంత తీసి ఫ్లోరిన్ చేర్చగా 26 కెల్విన్ వద్ద అతివాహకత కనిపించింది. కొద్ది నెలల్లోనే లాంథనమ్ బదులు సమేరియం వాడి 55 వరకూ వెళ్లారు. ప్రతి ఇనుప పరమాణువు చుట్టూ నాలుగు ఆర్సెనిక్ పరమాణువులు నాలుగు మూలల గోపురంలా ఉంటాయి. ఆ మూలల కోణం 109.5 డిగ్రీలకు, అంటే సరిసమానమైన గోపురానికి, ఎంత దగ్గరగా ఉంటే హద్దు అంత పెరుగుతున్నట్లు గమనించారు. బేరియం, ఇనుము, ఆర్సెనిక్ కలిసిన మరో పదార్థం 140 కెల్విన్ దిగువన అయస్కాంత వరుసలో ఉంటుంది. అందులో ఆర్సెనిక్ బదులు దానికంటే చిన్నదైన భాస్వరం కొంత పెడితే, ఎలక్ట్రాన్ల సంఖ్య మారకుండానే, కేవలం ఇరుకు వల్ల అయస్కాంత వరుస పోయి 30 కెల్విన్ వద్ద అతివాహకత వస్తుంది. ఒట్టి ఇనుమునే లక్షన్నర వాతావరణాలకు పైబడిన ఒత్తిడిలో నొక్కితే అది 2 కెల్విన్ లోపు అతివాహకం అవుతుందని 2001లోనే జపాను శాస్త్రవేత్తలు చూపారు. ఆ ఒత్తిడికి పరమాణువుల అమరిక మారి అయస్కాంతత్వం అణగిపోతుంది.

ఇంత నేపథ్యం చెప్పడానికి ఒక కారణం ఉంది. 2023 జూలై చివరి వారంలో మన చేతిఫోన్లన్నింటికీ ఒక వార్త చేరింది. దక్షిణ కొరియాలో మామూలు గది వేడిమి వద్దే పనిచేసే అతివాహకం దొరికిందని, ఇక కరెంటు బిల్లులు ఉండవని. ఆ పదార్థం పేరు ఎల్‌కె-99. దానిలో ముఖ్యమైనవి సీసం, రాగి, భాస్వరం, ఆక్సిజన్. అగ్నిగుండాల లోహాలు రెండూ ఒకే చోట చేరాయి! అయస్కాంతం మీద నల్లని ముక్క ఒకటి ఒక అంచు ఆనుకుని, మరో అంచు పైకి లేచి నిలిచిన చిత్రం లోకమంతా తిరిగింది. దాదాపు 104 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని నిరోధం ఒక్కసారిగా పడిపోయిందని కూడా రాశారు.

హదీసు పండితులు ఒక ఉల్లేఖనాన్ని స్వీకరించే ముందు దాని సనదులోని ప్రతి వ్యక్తినీ పరిశీలించేవారు. ఇక్కడ అలాంటి పరిశీలనే జరిగింది, అదీ మూడు వారాలలో. న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పరిశోధకులు అదే పదార్థాన్ని తయారు చేసి చూడగా అతివాహకత కనిపించలేదు. చైనా, అమెరికా, ఐరోపా ప్రయోగశాలలూ ఆ మాటే చెప్పాయి. 104 డిగ్రీల రహస్యం కూడా బయటపడింది. తయారీలో మిగిలిపోయిన కాపర్ సల్ఫైడ్ అనే కల్మషం సరిగ్గా ఆ వేడిమి దగ్గర తన స్ఫటిక రూపాన్ని మార్చుకుంటుంది, నిరోధం అందుకే దూకింది. ఇక ఒక అంచు ఆనుకుని లేవడం నెట్టివేత కాదు, ముక్కలో ఉన్న సాధారణ అయస్కాంత గుణం చూపిన ప్రభావం. నిజమైన అతివాహకం అయస్కాంతానికి ఏ అంచూ ఆనకుండా తేలుతుంది. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థవారు కల్మషం లేని స్ఫటికాలను పెంచి చూస్తే అవి విద్యుత్తునే ప్రవహించనివ్వలేదు. ఇంత జరిగినా మొదటి వార్త చేరినన్ని ఫోన్లకు రెండవది చేరలేదు. ఆ పదార్థం పేరుతో పెట్టుబడులు అడిగేవారు ఎదురైతే ఈ సంగతి చెప్పవచ్చు.

గది వేడిమి అతివాహకం రాకపోయినా, అసలు అతివాహకం మన పట్టణాలకు ఎప్పుడో వచ్చింది. గుంటూరులోనో ఒంగోలులోనో ఎమ్మారై పరీక్షకు వెళ్లినవారు దాని సొరంగంలో పడుకుని వచ్చినవారే. ఆ యంత్రాలలో అత్యధికం నయోబియం, టైటానియం మిశ్రమపు తీగచుట్టలతో, ద్రవ హీలియం చలిలో పనిచేస్తాయి. సీసం తీగ ఎందుకు వాడరంటే, ఒక టెస్లాలో పదో వంతు కూడా లేని అయస్కాంత క్షేత్రానికే దాని అతివాహకత చచ్చిపోతుంది. ఎమ్మారైకి 1.5 టెస్లా కావాలి. అది మన ప్రాంతపు భూ అయస్కాంత క్షేత్రానికి సుమారు 35 వేల రెట్లు. ఆ తీగలను రాగిలో పొదుగుతారు. ఎక్కడైనా పొరపాటున వేడెక్కి అతివాహకత తప్పితే, కాసేపు విద్యుత్తును తాను మోసి తీగ కాలిపోకుండా కాపాడేది అతివాహకం కాని ఆ రాగే.

ఈ అయస్కాంతం పరీక్ష లేనప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది. నిరోధం లేదు గనుక ఒకసారి పంపిన విద్యుత్తు తిరుగుతూనే ఉంటుంది. రాత్రివేళ దీపాలు ఆర్పి ఉన్న గది అని లోపలికి వెళ్లరాదు. 2018 జనవరిలో ముంబైలోని ఒక ఆసుపత్రిలో బంధువు కోసం ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని ఎమ్మారై గదిలోకి వెళ్లిన యువకుణ్ణి ఆ సిలిండరుతో సహా యంత్రం లాక్కుంది. ఆయన మరణించారు.

మన మహిళలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. హిజాబ్ పిన్నులు, తలపిన్నులు, బుర్ఖా గుండీలలోని ఇనుప నొక్కుడు బొత్తాలు అన్నీ తీయాలి. జరీ పని ఉన్న దుపట్టా బదులు ఒట్టి నూలు దుపట్టా తీసుకువెళితే తల కప్పుకునే ఉండవచ్చు. ముందుగా సిబ్బందికి చెబితే చాలు. మెడలోని, జబ్బకు కట్టిన లోహపు తాయెత్తు వెండిదైనా రాగిదైనా తీసివేయాలి. అయస్కాంతం దానిని లాగకపోయినా, పరీక్షలో వెలువడే తరంగాలకు లోహం వేడెక్కి చర్మాన్ని కాల్చగలదు, చిత్రాన్నీ చెడగొడుతుంది. గుండెకు పేస్‌మేకరు, ఎముకలలో పట్టీలు, కంటిలో ఎప్పుడో పడిన ఇనుప రజను ఉన్నా దాచకుండా చెప్పాలి. మరలు బిగించే పనివారు, మిల్లులలో ఒరిపిడి రాయి దగ్గర పనిచేసినవారు ఈ చివరి సంగతిని మరచిపోతుంటారు.

కొన్ని పరీక్షలకు నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. అందులో ఉన్నది గాడోలినియమే. దాని ఏడు ఒంటరి ఎలక్ట్రాన్లు చుట్టూ ఉన్న నీటి అణువుల అయస్కాంత స్పందనను మార్చి, వ్యాధి ఉన్న చోటును చిత్రంలో వెలిగేలా చేస్తాయి. ఒట్టి గాడోలినియం శరీరానికి విషం కనుక దానిని మరో పెద్ద అణువు గుప్పిటలో బంధించి ఇస్తారు. మూత్రపిండాలు సరిగా పనిచేసేవారిలో అది మూత్రం ద్వారా బయటకు పోతుంది. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, డయాలసిస్ చేయించుకునేవారు, గర్భవతులు ఆ సూది వేయకముందే వైద్యునికి చెప్పి, ఇటీవలి క్రియాటినిన్ నివేదికను చూపాలి.